మనం దింపిన బావి

కాపీ కొట్టింది ఎవరో తేల్చమని నా ఉద్యోగ జీవితంలో నన్ను ఒకే ఒక్కసారి అడిగారు. అదీ ఒక బావి విషయంలో. పరీక్ష హాల్లో చీటీ పట్టుకోవడం లాంటిదే కదా, ఒక పూటలో తేల్చేయొచ్చు అనుకున్నాను. నేను రోడ్ల శాఖ ఇంజనీరును. గుంత చూపిస్తే అది ఎందుకు పడిందో చెప్పేయగలననే పొగరు అప్పట్లో నాకు బాగానే ఉండేది.

తొంభైల మొదట్లో మాట. నాకు మహబూబ్‌నగర్‌లో పోస్టింగు. మీ తరం వాళ్లకు తెలియకపోవచ్చు గానీ, పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివి సర్కారు కొలువులో చేరిన వాళ్లకు అప్పట్లో ఒక గోడ అడ్డం ఉండేది. ఎన్నేళ్లు ఎండలో నిలబడి పని చేయించినా, డిగ్రీ లేదని ఒక మెట్టు మీద ఆపేసేవాళ్లు. ఆ గోడకు ఒకే కిటికీ. నగరంలో ఇంజనీర్ల సంఘం ఒకటి ఇలాంటి వాళ్ల అనుభవాన్ని బేరీజు వేసి, నైపుణ్యం ఉందని పత్రం ఇచ్చేది. శాఖ దాన్ని డిగ్రీతో సమానంగా ఒప్పుకునేది. దానికోసం దరఖాస్తుతో పాటు తాను స్వయంగా చేసిన పనుల గురించి ఇంగ్లీషులో కథనాలు రాసి పంపాలి. "మేము" అని రాయకూడదు, "నేను" అనే రాయాలి. ఇది వాళ్ల మొదటి షరతు.

ఆ సంఘం నుంచి ఒకనాడు నాకు ఉత్తరం వచ్చింది. ఇద్దరు అభ్యర్థులు పంపిన కథనాల్లో ఒకటి అక్షరం పొల్లు పోకుండా కలుస్తోందట. ఇద్దరికీ నోటీసులు ఇచ్చారట. నేను ఆ సంఘంలో సభ్యుణ్ణి, పైగా ఆ ఇద్దరిదీ నీటి సరఫరా శాఖ, నాది వేరే శాఖ. కాబట్టి ఎవరి పక్షమూ లేకుండా విచారించి అభిప్రాయం రాయమన్నారు. కాపీ రుజువైతే దరఖాస్తు కొట్టేస్తారు, మళ్లీ ఎప్పుడూ పెట్టుకోనివ్వరు.

రెండు కథనాల నకళ్లూ పంపారు. పక్కపక్కన పెట్టుకుని చదివాను. ఇప్పుడంటే యంత్రాలు ఎర్ర గీతలు గీసి చూపిస్తున్నాయి. అప్పుడు దానికి ఒక మనిషి కూర్చుని, విసుగు పుట్టేదాకా చదవాలి. సంఘంలో ఎవరో ముసలాయన ఒకే పూట రెండూ చదివి, "ఈ పేజీ ఇందాక చదివానే" అనుకుని పట్టుకున్నాడట. పట్టుకోవడం కష్టమేమీ కాదు. అందులో ఒక వాక్యం ఉంది. తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది: "మట్టి పొరలు సమముగా లేనందున బావి ఒరిగి, నదికి సలాము చేయుచున్నట్లు నిలిచినది. నేను దానిని తిరిగి నిటారుగా నిలబెట్టితిని." సర్కారు ఇంజనీర్లలో ఒకరు ఇలా రాయడమే విడ్డూరం. ఇద్దరికీ ఒకేసారి ఈ కవిత్వం పుట్టదు.

బావి అంటే మీరనుకునే బావి కాదు. కొల్లాపూర్ దగ్గర కృష్ణ ఒడ్డున తాగునీటి పథకం కోసం కట్టింది. మామూలు బావిని తవ్వి కడతారు, దీన్ని కట్టి దింపుతారు. ముందు నేల మీద గుండ్రంగా కాంక్రీటు గోడ లేపుతారు. దాని అడుగున ఇనుప అంచు ఉంటుంది. కూలీలు గోడ లోపలికి దిగి అంచు చుట్టూ మట్టి తీస్తుంటే, గోడ తన బరువుకు తానే కిందికి దిగుతుంది. దిగిన కొద్దీ పైన మళ్లీ గోడ పెంచుతారు. చుట్టూ సమంగా తీస్తేనే తిన్నగా దిగుతుంది. ఈ బావి మధ్యలో ఒక పక్కకు ఒరిగింది, తర్వాత మళ్లీ నిలబడింది. నిలబెట్టింది నేనంటే నేనని ఇప్పుడు ఇద్దరు.

పేర్లు రాయను. ఒకాయన ఇంకా కొల్లాపూర్‌లోనే పని చేస్తున్నాడు కాబట్టి కొల్లాపూర్ ఆయన అంటాను. ఇంకొకాయన బావి పని అప్పుడు అదే సెక్షన్లో ఉండి, తర్వాత సొంత జిల్లాకు బదిలీ చేయించుకున్నాడు. ఆయన నల్లగొండ ఆయన.

ముందు కొల్లాపూర్‌కు బయలుదేరాను. జడ్చర్లలో బస్సు మారి, నాగర్‌కర్నూల్ మీదుగా, మోకాళ్లు ముందు సీటుకు తగిలించుకుంటూ పోయాను. ఆ రోడ్డులో కొంత భాగం మా శాఖదే కాబట్టి ఎవరినీ తిట్టుకోవడానికి లేకపోయింది.

కొల్లాపూర్ ఆయన సెక్షన్ ఆఫీసు వరండాలో నిలబడి ఎదురుచూస్తున్నాడు. నలభై దాటిన మనిషి, ఎండకు కాలిన మొహం, చొక్కా జేబులో సిరా మరక. కుర్చీ తుడిచి వేశాడు.

"నమస్తె సార్. మీరొస్తరని ఖబర్ అందింది. చాయ్ తాగుతరా?"

"తాగుత గని, ముందు చెప్పు. ఈ బావి ముచ్చట ఎవరు రాసిండ్రు?"

"మనం రాసినం సార్."

"మనం అంటే?"

"మనమంటే మనమే సార్. మా సెక్షనోళ్లం."

"బావి ఎవరు దింపిండ్రు?"

"మనమే దింపినం."

"ఒరిగినంక ఎవరు నిలబెట్టిండ్రు?"

"మనమే సార్."

"అందుల నేను గూడ ఉన్ననా?"

ఆయన సిగ్గుపడి నవ్వాడు. "మీరప్పుడు లేరు గద సార్."

నేనూ పాలమూరు వాణ్ణే. ఈ మాట సంగతి నాకు తెలియంది కాదు. మా దగ్గర "మేము" అనడానికీ "నేను" అనడానికీ కూడా చాలాసార్లు "మనం" అనే వస్తుంది. "మనం జర ఊరికి పోయొస్తం" అన్నాడంటే ఒక్కడే పోతున్నాడని అర్థం. "నేను చేసిన, నేను కట్టిన" అంటే ఎచ్చులు పోతున్నాడంటారు. సంఘం వాళ్లు షరతు పెట్టినప్పుడు ఇది వాళ్లకు తట్టినట్టు లేదు.

"నోటీసు చూసినవు గద. దానికేమంటవ్?" అని అడిగాను.

"కాపీ అంటున్నరు సార్. మన పని మనం రాసుకుంటె కాపీ ఎట్లయితది?"

"ఇంగ్లీషు నీదేనా?"

"ఇంగ్లీషు తమ్మునిది సార్. నోరు మనది. గీ వరండలనే కూసున్నం. ఇటు చెప్తుంటె అటు ఆయన రాసిండు. పని అయిపోయినంక పైకి పంపే రిపోర్టది. ఆయన ఇంగ్లీషు మస్తుంటది. దాంట్లకెల్లే తీసి, 'మేము' ఉన్నకాడల్ల 'నేను' పెట్టి పంపినం. తమ్ముడు గూడ దరఖాస్తు పెట్టిండని ఖబరే లేదు."

తమ్ముడంటే నల్లగొండ ఆయనే. అదే పని ఆయనా అక్కడ చేశాడన్న మాట. ఆ రిపోర్టు నకలు ఇద్దరి దగ్గరా ఉంది. ఇద్దరూ ఒకే రిపోర్టులో "మేము"ను చెరిపి "నేను"ను ఎక్కించారు.

చాయ్ వచ్చింది. ఆయన తాగలేదు. గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. "ఈసారి పోతె మల్ల లేదు సార్. వయసు దాటిపోతది. మా బాపు ఊరూరు తిరిగి బావులు తవ్విన కూలి. మా ఇంట్ల మొదటి నౌకరి ఇదే. ఆయన కొడుకును బావి కాడ సార్ అంటున్నరు. ఇప్పుడు గదే బావి కాడ దొంగ అంటరు."

నాకు జాలేసింది. ఆ జాలి కాస్తా ఆయన తర్వాతి మాటతో ఎగిరిపోయింది.

"సార్, నోటీసుకు జవాబు గూడ జర మీరే ఇంగ్లీషుల రాసిస్తె..."

"కాపీ కొట్టినవా అని అడగనీకె వచ్చినోన్నే రాసియ్యమంటవా?" అని వరండా అదిరేలా అరిచాను. బయట సైకిలు ఆపుకుని నిలబడ్డ పంపు ఆపరేటరు సైకిలెక్కి వెళ్లిపోయాడు.

"తప్పయింది సార్," అన్నాడు నెమ్మదిగా. ఆయన అడిగింది మోసం చేయడానికి కాదు. ఇంగ్లీషు కాగితమంటే ఎవరో ఒకరు రాసిపెట్టేదని ఆయన లెక్క. మా ఆఫీసుల్లో అందరి లెక్కా అదే.

మధ్యాహ్నం బావి దగ్గరికి తీసుకెళ్లాడు. నది అప్పుడు సన్నగా, దూరంగా పారుతోంది. బావి మాత్రం కొలబద్ద పెట్టినట్టు నిటారుగా ఉంది. ఆ బావిని దింపిన మేస్త్రిని కూడా పిలిపించాడు. గడ్డం నెరిసిన ముస్లిం పెద్దాయన, కృష్ణ పొడుగునా ఇలాంటి బావులు చాలా దింపినవాడు.

"మేస్త్రీ, గీ బావి ఎవరు దింపిండ్రు?"

"మనమే సాబ్. ఇంకెవరు?"

"ఒరిగినప్పుడు?"

"మనమే నిలబెట్టినం."

తల పట్టుకున్నాను. "సలాం కొట్టింది అన్న మాట ఎవరిది?"

ఈసారి మేస్త్రి ఛాతీ విరుచుకున్నాడు. "గా మాట నాది సాబ్! ఒరిగినంక చూసి 'అరె, బావి దరియాకు సలాం కొడుతున్నది' అని నేనే అన్న. అందరు నవ్విండ్రు."

పనికి "మనం" అన్నవాడు మాటకు మాత్రం "నాది" అన్నాడు. ఆ మేస్త్రికి ఇంగ్లీషు వచ్చి ఉంటే ఆ ఇద్దరి మీదా కాపీ కేసు ఆయనే పెట్టేవాడు.

"ఎందుకు ఒరిగింది మేస్త్రీ?" అని అడిగాను, ఊరికే.

మేస్త్రి కొల్లాపూర్ ఆయన వైపు ఒకసారి చూశాడు. "నేల సాబ్. కింద నేల ఎట్లుంటదో అల్లాకెరుక." కొల్లాపూర్ ఆయన తన చెప్పుల వైపు చూసుకున్నాడు. నేను గమనించాను గానీ పట్టించుకోలేదు.

వారం తిరగకముందే నల్లగొండ ఆయన తనంతట తానే మహబూబ్‌నగర్ వచ్చాడు. వయసులో చిన్నవాడు, ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. కూర్చోమనక ముందే మొదలుపెట్టాడు.

"సార్, అన్న అంటే నాకు ఇజ్జత్ ఉన్నది. కాని ఇది న్యాయం మాట. ఆ కథనంల ఒక్క అక్షరం గూడ అన్నది కాదు. కామా గూడ నేను పెట్టిందే."

"చెప్పింది ఆయన గద?"

"చెప్పిండు సార్. కాదంటలేను. చెప్పినోడు రాసినోడైతడా?"

"బావి నువ్వు నిలబెట్టినవా?"

"కొలతలన్నీ నావి సార్. రోజూ పొద్దుగాల, సాయంత్రం థియోడలైట్ పెట్టి ఎటు ఎంత వంగిందో చూసింది నేను. ఇటు బరువు పెట్టుండ్రి, అటు ఆపుండ్రి అని కాగితం మీద గీసి ఇచ్చింది నేను. కొలత లేకుంటె బావి నిటారుగున్నదని ఎవరికి తెలుస్తది సార్?"

ఆ మాటలో అబద్ధం లేదు. అదే నా చిక్కు. సంఘం నిబంధన అక్షరాలను చూస్తుంది. అక్షరాలు నల్లగొండ ఆయనవి, కాబట్టి ఆయన దొర. కొల్లాపూర్ ఆయన ఇంకొకరి అక్షరాలు తీసుకున్నాడు, కాబట్టి దొంగ. కానీ ఆ అక్షరాల నిండా ఉన్నది కొల్లాపూర్ ఆయన పని. ఒకాయన తన పని గురించి ఇంకొకరి మాటలు దొంగిలించాడు, ఇంకొకాయన తన మాటల్లో ఇంకొకరి పని దొంగిలించాడు. లేదా ఎవరూ ఏమీ దొంగిలించలేదు. ఒక పూటలో తేల్చేద్దామనుకున్నవాణ్ణి, నాలుగు చిత్తు కాగితాలు రాసి చింపేశాను.

నా అవస్థ చూసి మా ఆవిడ సంగతేమిటని అడిగింది. చెప్పాను. ఆమె నవ్వి, "దీనికింత ఫికర్ ఎందుకు? మన ఇంట్ల రోజూ జరిగేదే గద," అంది.

"ఏం జరుగుతది?"

"నేను వండితె 'ఇయ్యాల మనం పప్పు వండుకున్నం' అంటరు. మీరు సంచి పట్టుకుని చక్కెర తెస్తె 'నేను తెచ్చిన' అంటరు."

నాకు కోపం వచ్చింది. నిజం కాబట్టి బాగానే వచ్చింది. కానీ ఆ మాట నాకు ఒక దారి చూపించింది. ఆ ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, "మనం" అన్న మాట తీసేసి మాట్లాడించాలనుకున్నాను.

ఒక సెలవు రోజున ఇద్దరినీ మహబూబ్‌నగర్‌లో మా ఆఫీసుకు రమ్మన్నాను. కొట్టుకుంటారేమోనని నేను అనుకుంటుంటే, కొల్లాపూర్ ఆయన గదిలోకి రాగానే "తమ్మీ, పిల్లకు జరం తగ్గిందా?" అని అడిగాడు. "తగ్గింది అన్నా. దవాఖానల చూపిచ్చిన," అన్నాడు ఇంకొకాయన, ముఖం పక్కకు పెట్టుకుని. నేను బల్ల మీద రెండు కథనాలూ పరిచి, "ఇయ్యాల ఈ గదిల 'మనం' అనే మాట బంద్. నేను అనుండ్రి, లేకుంటె ఫలానా ఆయన అనుండ్రి," అని చెప్పాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మొదట నల్లగొండ ఆయనను అడిగాను. "బావి ఎటు ఒరిగింది?"

"నది దిక్కు సార్."

"ఎందుకు?"

"నది దిక్కు ఇసుక, ఒడ్డు దిక్కు గట్టి మొరం. మట్టి పొరలు సమంగ లెవ్వు. కథనంల రాసిన గద సార్."

"ఒరిగిననాడు నువ్వు అక్కడ ఉన్నవా?"

"లేను. బిల్లుల పని మీద డివిజన్ ఆఫీసుకు పోయిన. మర్నాడు వచ్చి కొలతలు తీసిన."

కొల్లాపూర్ ఆయన వైపు తిరిగి అదే ప్రశ్న వేశాను. ఎందుకు ఒరిగింది?

ఆయన "మన..." అని ఆగిపోయాడు. కరెంటు పోయి ఫ్యాను ఆగింది. కిటికీ బయట ఎవరో స్కూటరు కిక్కు కొడుతున్నారు, అది అందుకోవడం లేదు. నేను ప్రశ్న మళ్లీ అడగబోతున్నాను.

"నేల తప్పేం లేదు సార్," అన్నాడు. "తప్పు నేను చేసిన."

పని గురించి మాట్లాడుతూ ఆయన "నేను" అనడం నేను మొదటిసారి విన్నాను.

"నది పొంగే దినాలు దగ్గర పడ్డయి. పైనుంచి జల్ది జల్ది అంటున్నరు. ఇసుక దిక్కు మట్టి అల్కగ వస్తాంది. మొరం దిక్కు గడ్డపారకు లొంగుతలేదు. సుట్టూ సమంగ తియ్యాలె, లేకుంటె ఒరుగుతదని నాకు ఎరుకే. చిన్నప్పుడే మా బాపు కాడ నేర్సుకున్న. ఎరుకుండి గూడ, ఇసుక దిక్కు తియ్యిండ్రి, మొరం తర్వాత చూద్దాం అని నేనే చెప్పిన. మేస్త్రి వద్దన్లేదు, సార్ చెప్పిండు గద అని తీసిండ్రు. ఒక్కపారే ఒరిగింది. లోపల మనుషులున్నరు సార్."

ఆయన చేత్తో మొహం తుడుచుకున్నాడు.

"దేవుడు సల్లగ చూసిండు. అందరు పైకొచ్చిండ్రు. ఒకాయన మోచెయ్యి గీసుకపోయింది, అంతే. మల్ల లోపలికి దిగుమంటె ఎవరు దిగుతరు? నేను దిగిన. మొరం దిక్కు అంచు కింద నా చేతులతోని తవ్విన. ఆ దిక్కు పైన ఇసుక బస్తాలు పెట్టిచ్చిన. నన్ను చూసినంక మేస్త్రి దిగిండు, ఆయనను చూసి మిగతోళ్లు దిగిండ్రు. తమ్ముడు వచ్చి కొలతలు చెప్తుంటె, దినాం జరంత జరంత లేసింది."

"మల్ల రిపోర్టుల నేల అని ఎందుకు చెప్పినవ్?"

"సర్కారు రిపోర్టులల్ల నేలే తప్పు చేస్తది గద సార్. మనిషి ఎప్పుడన్న చేసిండా?"

నవ్వాలో వద్దో తెలియలేదు. రోడ్ల శాఖలో మాకు నేలకు బదులు వాన ఉండేది. నా కాలంలో జిల్లాలో పాడైన ప్రతి రోడ్డునూ వానే పాడుచేసింది, వానలు పడని ఏడు కూడా.

నల్లగొండ ఆయన కుర్చీ ముందుకు జరిపాడు. "నాకు చెప్పకపోతివి అన్నా," అన్నాడు.

"ఎట్ల చెప్పాలె తమ్మీ? నువ్వు అంత మంచిగ రాస్తుంటివి."

నల్లగొండ ఆయన బల్ల మీది తన కథనాన్ని చూశాడు. "ఎంత ఒరిగిందో దినాం కొలిచిన సార్. ఎందుకు ఒరిగిందో ఒక్కనాడు అడగలె. నేల అంటె నేల అని రాసిన. మనుషులు లోపలుంటే, 'నేను నిలబెట్టిన' అని రాసుకున్న. అబద్ధం రాస్తున్నని నాకే తెల్వదు." జేబులోంచి పెన్ను తీశాడు. "ఈ బావి అన్నది సార్. నా దరఖాస్తుల నుంచి తీసేస్త."

"అట్లెట్ల?" అన్నాడు కొల్లాపూర్ ఆయన వెంటనే. "కొలతలు లేకుంటె బావి అటు దిక్కే పడిపోతుండె. కొలతలు నీవి. తియ్యొద్దు." ఒక పావుగంట కిందటి దాకా ఇద్దరూ నాది నాది అన్న బావిని ఇప్పుడు నీదంటే నీదని తోసుకుంటున్నారు. నేను ఇద్దరినీ నోరు మూయమని, చాయ్ తెప్పించాను.

సంఘానికి అభిప్రాయం రాశాను. ఈసారి చింపలేదు. రాత ఒకరిది, పని ఇంకొకరిది, కొలతలు మళ్లీ మొదటివారివి. ఇద్దరూ చేసిన తప్పు ఒకటే, రెండోవాడి పేరు రాయకపోవడం. ఎవరి వంతు వారు, తమ మాటల్లో, రెండోవారి పేరు పెట్టి మళ్లీ రాసే అవకాశం ఇవ్వండి అని కోరాను. మీలో దరఖాస్తులు రాసే వాళ్లుంటే ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఇంకొకరి మాట వాడుకోవడంలో నామోషీ లేదు, వారి పేరు మింగేయడంలోనే ఉంది.

సంఘం ఒప్పుకుంది. కొత్త కథనాలు పంపాలి, తర్వాత నగరానికి వచ్చి ముఖాముఖి జవాబు చెప్పాలి.

కొల్లాపూర్ ఆయన కథనం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. "తప్పు గూడ రాసిన సార్. డిపార్టుమెంటుకు తెలిస్తె ఏమైతదో," అన్నాడు. ఏమీ కాదని చెప్పే ధైర్యం నాకు లేదు, చెప్పలేదు. "తీసెయ్యమంటరా?" అని ఆయన అడుగుతాడేమోనని భయపడ్డాను. ఆయన అడగలేదు. చదవమని నా చేతికిచ్చాడు.

ఆ ఇంగ్లీషు ఎలా ఉందంటే, తెలుగులో ఇలా చెప్పాలి: "నేను తప్పు మాట చెప్పితిని. వాళ్లు తవ్విరి. బావి ఒరిగె. మనుషులు లోపల. నేను భయపడితిని. నేను దిగితిని." "మేస్త్రి అనెను, బావి సలాం కొట్టుచున్నది" అని, మేస్త్రి పేరుతో సహా రాశాడు. "కొలతలు తీసింది" అని నల్లగొండ ఆయన పేరు రాసి, కింద గీత కూడా గీశాడు. ప్రతి వరుసలో ఒక తప్పైనా ఉంది. నా చేయి ఊరుకోదు కదా, పెన్ను మూత తీశాను. ఆయన ఆశగా చూశాడు. మళ్లీ మూత పెట్టేశాను. దిద్దితే అది మూడోసారి ఇంకొకరి ఇంగ్లీషు అయ్యేది.

"గిట్లనే పంపు," అన్నాను.

"గిట్లనేనా సార్?" అన్నాడు, కాగితాన్ని తిప్పి చూసుకుంటూ.

పంపాడు. నగరానికి పోయొచ్చాడు. అక్కడ ఏం అడిగారో, ఏం చెప్పాడో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. తర్వాత చాలా కాలం ఏ కబురూ రాలేదు. ఆ ఇంగ్లీషు దిద్దకుండా పంపించి ఆ మనిషి జీవితం పాడుచేశానా అని రోడ్డు పనుల మధ్యలో కూడా గుర్తొచ్చి మనసు చివుక్కుమనేది. ఆయనకు మళ్లీ వయసు లేదన్నది నాకు తెలుసు కదా.

నల్లగొండ ఆయన కొలతల గురించి రాసిన కథనంతో గట్టెక్కాడని ముందు తెలిసింది. ఆయన కబురు వచ్చి ఈయనది రాకపోయేసరికి నేను ఆశ వదులుకున్నాను.

ఒక ఉదయం గేటు చప్పుడైంది. చూస్తే కొల్లాపూర్ ఆయన, పొద్దున్నే మొదటి బస్సు పట్టుకుని వచ్చినట్టున్నాడు, చొక్కా నలిగి ఉంది. లోపలికి రమ్మన్నా రాకుండా గేటు పట్టుకుని నిలబడ్డాడు. నేనే గేటు దాకా వెళ్లాను.

"ఏమైంది?"

"సార్," అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. "మనం పాసయినం సార్."

నాకూ కళ్లు చెమర్చాయి. అది కనపడకుండా కొంచెం గట్టిగానే అన్నాను, "ఏయ్, 'మనం' బంద్ అని చెప్పిన గద?"

"నేను అనేది తప్పు చెప్పెటందుకు సార్," అన్నాడు. "పాసయితె మనమే."

లోపలి నుంచి మా ఆవిడ ఎవరొచ్చారని అడిగింది. మనం పాసయినం, చాయ్ పెట్టు అని చెప్పాను.